20 గుంటల ఇంటి తోటకు జీవామృతం ఒక్కటే చాలా, బయటి ఎరువు కూడా తోలాలా?

చెల్కనేల (ఖమ్మం జిల్లా)

అందరికీ నమస్కారం. ఊరి పక్కన మాకు 20 గుంటల (అర ఎకరం) ఎర్ర చెల్క ఉంది. చాలా ఏళ్లుగా బీడు. అందులో ఇంటికి సరిపడా కూరగాయలు, కందులు, పెసలు వేసుకుని, గట్ల వెంట నాలుగు పండ్ల చెట్లు పెట్టుకోవాలని ఆశ. అమ్మే ఉద్దేశం లేదు. మందుల జోలికి ఎలాగూ పోను, కాబట్టి ఆ చర్చ వద్దు.

చిక్కు వేరే చోట వచ్చింది. సుభాష్ పాలేకర్ చెప్పిన ప్రకృతి సాగు చేసేవాళ్లు ఒక నాటు ఆవు ఉంటే దాని పేడ, మూత్రంతో చేసే జీవామృతం 30 ఎకరాలకు సరిపోతుంది, బయటి నుంచి ఏదీ కొనొద్దు అంటున్నారు. పక్క చేను పెద్దాయనేమో ముందు గొర్రెల ఎరువు తోలించు, విత్తనం మాట తర్వాత అంటున్నాడు. ప్రకృతితో కలిసి బతుకుదామని వచ్చి, వేరే ఊరి నుంచి ట్రాక్టర్‌లో ఎరువు తెప్పించడానికి నాకు మనసొప్పడం లేదు. అడవికి ఎవరు ఎరువు వేశారు? మీరేమంటారు?

నవధాన్యం (విజయనగరం జిల్లా)

మీ మనసు చెప్పిందే చేయండి. జీవామృతం ఎరువు కాదు, పాలలో వేసే తోడు లాంటిది. 200 లీటర్ల నీళ్లలో 10 కిలోల పేడ, 10 లీటర్ల మూత్రం, బెల్లం, శనగపిండి రెండేసి కిలోలు, గట్టు మీది మట్టి గుప్పెడు వేసి, నీడలో రెండు రోజులు ఉంచుతాం. పొద్దున, సాయంత్రం కర్రతో తిప్పుతాం. అందులో పెరిగే సూక్ష్మజీవులు నేలలో ఉన్నదాన్నే మొక్కకు అందేలా చేస్తాయి.

ఆంధ్రప్రదేశ్‌లో ప్రకృతి సాగు నేర్పే ప్రభుత్వ సంస్థ, రైతు సాధికార సంస్థ వాళ్లు చూపించినట్టు మేం వానలకు ముందే, ఎండు నేలలోనే నవధాన్యాలు చల్లుతాం. విత్తనాలకు బంకమట్టి, ఘనజీవామృతం (జీవామృతం లాంటిదే, ఎండబెట్టిన పొడి), బూడిద పట్టించి గుళికలుగా చేస్తాం కాబట్టి పిట్టలు, చీమలు ఎత్తుకుపోవు. చినుకు పడగానే మొలుస్తాయి. మా బెండ సాళ్ల మధ్య పరిచిన గడ్డి పక్కకు తీసి చూడండి. కింద తెల్లటి బూజు దారాలు, వానపాములు వేసిన మట్టి కుప్పలు. వేలు గుచ్చితే దిగుతుంది. మా చేలోకి ఎరువు బండి రాలేదు.

మంజీరతీరం (సంగారెడ్డి జిల్లా)

తోడు సరేనండీ, పాలేవి?

ఒకసారి లెక్క చూద్దాం. 10 కిలోల పచ్చి పేడలో నత్రజని 30 నుంచి 50 గ్రాములు. మూత్రంలో మహా అయితే 100. శనగపిండిలో 70. డ్రమ్ము మొత్తం కలిపినా పావు కిలో దాటదు. పదిహేను రోజులకోసారి పోస్తే నాలుగు నెలల పంటకు రెండు కిలోలు, అదీ ఎకరానికి. టన్ను వడ్లు పండాలంటే పైరుకు 15 నుంచి 20 కిలోల నత్రజని కావాలి. మిగతాది ఎక్కడి నుంచి వస్తుంది? నేలలో ఉంటే వస్తుంది. లేకపోతే?

చెల్కనేల గారూ, అడవి సంగతి అడిగారు. అడవిలో రాలిన ఆకు అక్కడే కుళ్లుతుంది. పశువు అక్కడే మేసి అక్కడే పేడ వేస్తుంది. మీ బీడులో గడ్డి ఎవరి పశువులు మేశాయో, ఆ పేడ ఎవరి దొడ్లో పడిందో ఆలోచించండి. రేపు మీరూ గంపల కొద్దీ కాయలు ఇంటికి పట్టుకెళ్తారు. తీసుకున్నది తిరిగి ఇవ్వకుండా నేల నుంచి ఇంకా తీసుకోవడాన్ని ప్రకృతితో కలిసి బతకడం అని నేను అనుకోను.

నవధాన్యం

మీరు డ్రమ్ము ఒక్కటే లెక్కేశారు. గాలిలో 78 శాతం నత్రజనే కదా. నవధాన్యాల్లో పెసర, అలసంద, మినుము, ఉలవ ఉంటాయి. వాటి వేరు బుడిపెల్లో ఉండే బాక్టీరియా ఆ నత్రజనిని నేలకు తెస్తుంది. గట్ల మీద ఆకు ఎరువుకు పనికొచ్చే గిరిపుష్పం చెట్లు నాటితే ఏడాదిలో రెండు మూడు సార్లు కొమ్మ కొట్టి పరుచుకోవచ్చు. ఇందులో ఏదీ బయటిది కాదు.

మంజీరతీరం

అక్కడ నేనూ మీతోనే ఉన్నాను. పచ్చిరొట్టగా వేసే జీలుగ బాగా ఎదిగితే ఎకరానికి 25, 30 కిలోల నత్రజని ఇస్తుంది. అలాంటప్పుడు ఆ పేరు జీలుగకే దక్కాలి, డ్రమ్ముకు కాదు. కొత్తగా వచ్చినవాళ్లు డ్రమ్ము పట్టుకుని, పప్పుజాతి మొక్కలు వదిలేసి, రెండో ఏడాదికే విసిగి మళ్లీ యూరియా బస్తా దగ్గరికి పోతున్నారు. నా బాధంతా అదే.

ఇంకోటి. భాస్వరం గాలిలో ఉండదు. సూక్ష్మజీవులు నేలలో బిగుసుకున్న భాస్వరాన్ని కరిగిస్తాయి కానీ కొత్తగా తయారు చేయలేవు. పోయినంత ఏదో ఒక రూపంలో తిరిగి రావాల్సిందే.

పెన్నఒడ్డు (నెల్లూరు జిల్లా)

ఇద్దరూ చదువుకున్నవాళ్లలాగా మాట్లాడుతున్నారు, సంతోషం. నేను మా అత్తమామల కాలం చూసినదాన్ని. కోతలయ్యాక చేలో గొర్రెల మంద కట్టించేవాళ్లం. రాత్రికి ఇన్ని వడ్లు అని మాట్లాడుకుని కొలిచేవాళ్లం. ఎండాకాలం చెరువు ఎండితే పూడిక మట్టి బండ్ల మీద తోలేవాళ్లం. చేలో నుంచి వానకు కొట్టుకుపోయిన మట్టే కదా చెరువులో చేరేది! దాన్ని వెనక్కి తెచ్చుకుంటే బయటిది తెచ్చినట్టా? మంద గొర్రెలు మన ఊరి గడ్డే మేశాయి. బాబూ, మీ గట్టు దగ్గరే ప్రకృతి ఆగిపోదు. ఊరంతా కలిపి చూడండి.

అయితే ఎరువు అనగానే ఏది పడితే అది తేవద్దు. చివకని పేడ వేస్తే చెదలు పడతాయి, కలుపు గింజలు దాంతోనే వస్తాయి. చేత్తో తీసి చూడండి. పిడికిట్లో నల్లగా పొడిపొడిగా రాలాలి, వాసన రాకూడదు. కొబ్బరి మొక్కలు పెడుతున్నట్టయితే వాటి దగ్గర పెంటకుప్ప అసలు వేయొద్దు. కొమ్ము పురుగు ఆ కుప్పలోనే పిల్లలు పెట్టి కొబ్బరి మొవ్వులో దూరుతుంది. ఇంట్లో బూడిద ఉంటే ఎర్ర నేలలో కొద్దికొద్దిగా చల్లుకోవచ్చు కానీ నల్లరేగడిలో వద్దు, అది ముందే క్షారం ఎక్కువున్న నేల.

గోదారిగట్టు (కోనసీమ)

2021లో శ్రీలంక ఏప్రిల్‌లో రసాయన ఎరువుల దిగుమతి ఆపేయాలని నిర్ణయించి, పంట దెబ్బతిని నవంబరులో వెనక్కి తగ్గింది. నేలను సిద్ధం చేయకుండా మార్పు తెస్తే ఏమవుతుందో అక్కడ చూశాం.

నవధాన్యం

దేశం మొత్తం మీద రాత్రికి రాత్రి పెట్టిన ఆంక్షను తెచ్చి, ఒక మనిషి ఇష్టంగా చేసుకునే 20 గుంటలకు అంటగట్టకండి. అక్కడ రైతుకు శిక్షణ లేదు, బదులుగా ఇవ్వడానికి ఏదీ లేదు. ఇక్కడ పంట పోయినా ఈయన పిల్లలు పస్తులుండరు. ప్రయోగం చేయాల్సింది ఇలాంటి చోటే.

పెన్నఒడ్డు అమ్మా, మీ మాట నచ్చింది. మంద కట్టడం, చెరువు మట్టి వేరు. ఇప్పుడు అమ్ముతున్న ఎరువు ఏ పశువుదో, ఏ ఊరిదో తెలియదు. పైగా కొనడం అలవాటైతే మానలేరు. అందుకే మొదటి ఏడాది వరకు ఒప్పుకుంటాను. ఆ తర్వాత ఆపేయాలి.

చెల్కనేల

అందరికీ ధన్యవాదాలు. బీడులో గడ్డి ఎవరి పశువులు మేశాయన్న ప్రశ్నతో నా ఆలోచన మారింది. మా చెరువు పూడిక గురించి కనుక్కుంటాను, గొర్రెల కాపరితోనూ మాట్లాడతాను. ముందు జీలుగ, పెసర చల్లి, పూతకు రాగానే కోసి అక్కడే పరుస్తాను. జీవామృతం కూడా మానను. కానీ ఎరువు ఎప్పుడు ఆపాలో ఎలా తెలుస్తుంది?

మంజీరతీరం

నవధాన్యం గారు చెప్పినట్టు ఏడాది గడువు పెట్టుకోకండి, నేలనే అడగండి. ఇప్పుడే మట్టి పరీక్ష చేయించండి. సేంద్రియ కర్బనం (కుళ్లిన ఆకు, పేడ నుంచి నేలలో చేరేది) 0.5 శాతం కంటే తక్కువుంటే నేల బలహీనంగా ఉన్నట్టే. 0.75 దాటితే బాగున్నట్టు. ఏటా ఎండాకాలం, అదే చోట, అదే లోతులో మట్టి తీసి మళ్లీ పరీక్షించండి. భాస్వరం అంకె కూడా చూసుకోండి, అది తగ్గుతూ పోతుంటే మాత్రం ఎరువు ఆపొద్దు.

నవధాన్యం

పరీక్ష చేయించండి, నాకు అభ్యంతరం లేదు. వానపాములు ఎలా ఉన్నాయో కూడా పక్కన రాసుకోండి. మూడేళ్లయ్యాక ఆ కాగితాలన్నీ ఇక్కడ పెట్టండి, అప్పుడు మళ్లీ వాదించుకుందాం.