మనిషి వద్దంటున్నా 112కి ఫోన్ చేయొచ్చా?

పల్నాడు రైతుబిడ్డ:
మా పిన్ని కొడుకు కౌలుకి మిర్చి వేసి బాగా దెబ్బతిన్నాడు. మొన్న రాత్రి భోజనాల దగ్గర "ఇక నా వల్ల కాదు, నేను లేకపోతే మీ అందరికీ పీడ వదులుద్ది" అన్నాడు. తాగి అన్నమాట కాదు, మామూలుగా అన్నం కలుపుకుంటూ అన్నాడు. నేను పెరట్లోకి వెళ్లి మానసిక సమస్యలకి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలిమానస్‌కి, అదే 14416కి చేశాను. తెలుగులోనే మాట్లాడారు. ఇప్పుడు ఒక్కడే ఉన్నాడా, ఇంట్లో పురుగుల మందు ఉందా, ఇంతకుముందు ఎప్పుడైనా ఇలాంటిది చేయబోయాడా అని అడిగారు. పరిస్థితి చేయి దాటేలా ఉంటే ఆలస్యం చేయకుండా 112కి చేయమన్నారు. ఇది తెలిసి బాబాయి నా మీద ఇంతెత్తున లేచాడు, పోలీసులు ఇంటికొస్తే ఊళ్లో తలెత్తుకు తిరగగలమా, వాడికి పిల్లనెవరిస్తారు అని. ఆ తమ్ముడు కూడా వద్దే అంటున్నాడు. వాళ్లందరూ వద్దంటున్నా, అవసరమైతే 112కి చేయడం తప్పా? సూటిగా చెప్పండి.

కృష్ణలంక కుర్రోడు:
నేను చేయొద్దనే అంటాను. మా వీధిలో ఒక అబ్బాయి విషయంలో ఇలాగే ఎవరో ఫోన్ చేశారు. యూనిఫాంలో ఇద్దరు వచ్చి గుమ్మంలో నిలబడి అందరి ముందే ప్రశ్నలు వేశారు, వీధి వీధంతా చేరింది. ఆ అబ్బాయి ఆ తర్వాత ఇంట్లోంచి బయటికి రావడమే మానేశాడు. బాధలో ఉన్న మనిషికి పోలీసు కనిపిస్తే ధైర్యం వస్తుందా, భయం వస్తుందా? పైగా ఒకసారి నమ్మకం పోతే వాడు మళ్లీ నోరు విప్పి ఎవరికీ చెప్పడు. అది ఇంకా ప్రమాదం. ఇంట్లో వాళ్లు, దగ్గరి స్నేహితుడు పక్కన కూర్చుంటే చాలు.

క్యాజువాలిటీ సిస్టర్:
తమ్ముడూ, ప్రభుత్వాసుపత్రి ఎమర్జెన్సీలో పనిచేస్తున్నా కాబట్టి చెప్తున్నా. మా దగ్గరికి చాలా ఆలస్యంగా తెచ్చే కేసుల్లో తరచూ వినే మాట ఒకటే, "కేసవుతుందని భయపడ్డాం". ముందు చిన్న ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్తారు, అక్కడ ఎమ్మెల్సీ, అంటే మెడికో లీగల్ కేసు అని చేర్చుకోరు, అక్కణ్ణించి ఇంకో చోటికి, అలా తిరిగి తిరిగి మా దగ్గరికొచ్చేసరికి విలువైన టైమంతా పోయుంటుంది. ఎమ్మెల్సీ అంటే పోలీసులకి తెలియజేసే ఒక రికార్డు, అంతే, అది శిక్ష కాదు. ప్రాణం మీదికొచ్చిన మనిషికి ముందు వైద్యం చేయాలి, కాగితాలు తర్వాత అని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. 2017 మానసిక ఆరోగ్య చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకి ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, శిక్షించకూడదు. పాత ఐపీసీలో ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసే, అందరూ భయపడే 309వ సెక్షన్ ఉండేది కదా, 2024 జులై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది లేనే లేదు. కాబట్టి కేసు భయంతో ఎవరూ ఆగొద్దు, దయచేసి.

ఇంకోటి, 112 అంటే ఒక్క పోలీసే కాదు, అంబులెన్సు కూడా అదే నంబరు. "మనిషికి మానసికంగా బాగాలేదు, ప్రాణానికి ప్రమాదం ఉంది, అంబులెన్సు కావాలి" అని స్పష్టంగా చెప్పండి. లేదా నేరుగా 108కి చేయండి.

డాలస్ తెలుగమ్మాయి:
ఇక్కడా ఇదే గొడవ. అమెరికాలో ఇలాంటి ఆలోచనలున్నవాళ్ల కోసం 988 నంబరు 2022 జులైలో వచ్చింది, తెలుగు కావాలంటే దుభాషిని లైన్లోకి తీసుకుంటారు. అయినా మన స్టూడెంట్లు వీసాకి ఏమవుతుందో, పోలీసులు వచ్చేస్తారేమో అని చేయరు. నిజానికి చాలా కాల్స్ మాటలతోనే తేలిపోతాయి, మనిషిని పంపాల్సిన అవసరం అరుదు. రూమ్మేట్లకి నేను చెప్పేది ఒకటే, నంబరు ముందే ఫోన్లో సేవ్ చేసి పెట్టుకోండి, ఆ టైంలో వెతుక్కోవడానికి బుర్ర పనిచేయదు.

కృష్ణలంక కుర్రోడు:
సిస్టర్ గారూ, చట్టం సంగతి నిజమే, 309 లేదని నాకు తెలీదు, మంచి మాట చెప్పారు. కానీ చట్టం మారినంత తేలిగ్గా గుమ్మం ముందు చేరిన జనం మారరు కదండీ. రాత్రి పన్నెండింటికి ఊళ్లోకి సైరన్‌తో బండి వస్తే తెల్లారేసరికి పక్క ఊరిక్కూడా తెలుస్తుంది. ఫోన్లో గొంతు కాదు, మఫ్టీలో ఒక మనిషి రావాలి. వికారాబాద్ జిల్లాలో 2017లో మొదలైన కిసాన్ మిత్ర చూడండి, రైతు ఫోన్ చేస్తే వాళ్ల మనుషులు ఇంటికెళ్లి అప్పు సంగతి, పాసుపుస్తకం సంగతి కూడా చూస్తారు. మిర్చి ధర పడి కుంగిపోయినోడికి ఓదార్పు ఒక్కటే సరిపోదు, అప్పులోళ్ల వాయిదా సంగతి కూడా తేలాలి. అలాంటిది ప్రతి మండలంలో ఎందుకు లేదో అడగాలి మనం.

క్యాజువాలిటీ సిస్టర్:
అడగాలి, నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటా. కానీ అది వచ్చేదాకా ఈ రాత్రి సంగతేంటి? "ఎప్పుడు, ఎలా" అనేది మనిషి మనసులో ఖాయం చేసుకున్నాడనిపిస్తే, చేతికందేలా ఏదైనా పెట్టుకున్నాడనిపిస్తే, వీధి ఏమనుకుంటుందో తర్వాత చూసుకోండి, 112కో 108కో చేయండి. అంత దూరం రాకపోతే 14416 చాలు, అది రాత్రీ పగలూ ఉంటుంది, డబ్బులు కట్టక్కర్లేదు, వాళ్లే అవసరాన్ని బట్టి డాక్టరు దగ్గరికి పంపిస్తారు. ప్రాణాపాయం ఉన్నప్పుడు 72 గంటల దాకా, పేషెంటు తరఫు మనిషి దగ్గరుంటే ఆ మనిషి అనుమతితో, ఏ రిజిస్టర్డ్ డాక్టరైనా అత్యవసర వైద్యం చేయొచ్చని ఆ 2017 చట్టంలోనే ఉంది. సైకియాట్రిస్టు దొరికేదాకా ఆగక్కర్లేదు.

రైతుబిడ్డ అన్నా, మీరైతే ఇప్పుడే లేచి ఇంట్లో, కొష్టంలో ఉన్న మందు డబ్బాలు, మాత్రలు అన్నీ మూటగట్టి వేరే ఇంట్లో పెట్టించండి. తమ్ముణ్ణి ఒంటరిగా పడుకోనివ్వకండి. "చచ్చిపోవాలనిపిస్తోందా" అని నేరుగా అడగండి, అడిగితే లేని ఆలోచన పుడుతుందనేది అపోహ. చాలామంది ఆ మాట ఎవరైనా అడిగితే బాగుండనే ఎదురుచూస్తుంటారు.

పల్నాడు రైతుబిడ్డ:
అడిగాను. చాలాసేపు నేలకేసి చూస్తూ కూర్చుని "అవునన్నా" అన్నాడు. స్పీకర్ పెట్టి 14416కి తనచేతే చేయించాను, మొదట ముక్తసరిగా మాట్లాడాడు, తర్వాత అప్పుల సంగతంతా చెప్పుకున్నాడు. మందు డబ్బాలు మా ఇంటికి తెచ్చేశాను. సోమవారం గుంటూరు పెద్దాసుపత్రి సైకియాట్రీ ఓపీకి వెళ్తున్నాం, బాబాయి రానన్నాడు, పిన్ని వస్తానంది. ఈలోగా పరిస్థితి తిరగబడితే 108కి చేస్తానని తమ్ముడికి ముందే చెప్పేశాను, దాచలేదు. ఒకటే అనుమానం, ఊళ్లో ఆశా కార్యకర్తకి చెప్పొచ్చా, నలుగురికీ పాకుతుందా?

క్యాజువాలిటీ సిస్టర్:
తమ్ముణ్ణే అడగండి, ఒప్పుకుంటే చెప్పండి. మీరు లేనప్పుడు రోజుకోసారి వచ్చి పలకరించి వెళ్లమని ఆమెని అడగండి. ఓపీకి పొద్దున్నే వెళ్లండి, ఆధార్ మర్చిపోవద్దు, అంతకుముందు వాడిన మందుల చీటీలుంటే అవీ పట్టుకెళ్లండి.