తుఫాను రాకముందే కరెంటు తీసేయడం న్యాయమేనా? కడప, కర్నూలు వాసుల చర్చ

బుగ్గవంక ఒడ్డు (కడప), సాయంత్రం 5.10

అందరికీ నమస్కారం. బంగాళాఖాతంలో తీవ్ర వాయుగుండం రేపటికి తుఫానుగా మారి నెల్లూరుకు, చెన్నైకి మధ్య తీరం దాటవచ్చని వాతావరణ శాఖ చెబుతోంది. మన జిల్లాకు ఆరెంజ్ హెచ్చరిక ఉంది. ఇంతలో మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒక సందేశం వచ్చింది: "గాలి తీవ్రత పెరిగితే ముందుజాగ్రత్తగా విద్యుత్ సరఫరా నిలిపివేస్తాం, సహకరించగలరు." ఎన్ని గంటలకు తీస్తారో, ఎంతసేపు ఉండదో ఒక్క ముక్క లేదు.

నేను దీన్ని ఒప్పుకోలేకపోతున్నాను. మా నాన్నకు 74 ఏళ్లు. ఊపిరితిత్తుల జబ్బు. గాలి నుంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే మిషన్, అంటే ఆక్సిజన్ కాన్సంట్రేటర్ మీద ఉన్నారు. ఆ మిషన్ 300 వాట్లు తీసుకుంటుంది. మా ఇన్వర్టరుకు 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీ ఉంది. కాగితం మీద లెక్క వేస్తే ఆరు గంటలు రావాలి. పాత బ్యాటరీ కదా, నిరుడు వేసవిలో ఫ్యాన్లన్నీ కట్టేసి చూస్తే మూడున్నర గంటలకే కూతపెట్టింది. ఆ కూత వినగానే నాన్న నా ముఖంలోకి చూసిన చూపు ఇంకా మరిచిపోలేదు.

చెట్టు పడి తీగ తెగితే ఎవరినీ అనలేం. తెగకముందే చేతులారా ఎందుకు తీయాలి? మనం సముద్రానికి వంద కిలోమీటర్లకు పైగా లోపల ఉన్నాం. ఇక్కడికి వచ్చేసరికి గాలి తగ్గి వానే మిగులుతుంది. కోస్తాకు పెట్టిన నియమం మనకెందుకు?

పాత లైన్‌మన్ (ఎర్రగుంట్ల), 5.48

అన్నా, మీ నాన్నగారి సంగతి చదివి మనసు చివుక్కుమంది. అయినా నేను చెప్పవలసింది చెప్తాను. 31 ఏళ్లు స్తంభాలెక్కినవాడిని.

తీగ తెగి నేల మీద పడితే సబ్‌స్టేషన్‌లో బ్రేకర్ (సరఫరా తెంచే పెద్ద స్విచ్) దానంతటదే పడిపోతుందని చాలామంది నమ్మకం. ప్రతిసారీ పడదు. భూమిలోకి తగినంత కరెంటు పారితేనే బ్రేకర్‌ను పడగొట్టే రిలే దాన్ని పసిగడుతుంది. మావైపు నేలంతా నాపరాయి. రాతి మీదో ఇసుక మీదో పడిన 11 కేవీ తీగ పాములా పడి ఉంటుంది. చప్పుడు ఉండదు, నిప్పురవ్వ ఉండదు, ప్రాణం మాత్రం ఉంటుంది. తెల్లవారుజామున పాలకు వెళ్లేవాడు చీకట్లో దాన్ని చూడడు. గొర్రెల మంద దాని మీదుగా నడిచిపోతుంది. కోస్తా అయినా సీమ అయినా తీగ ఒకటే. పైగా మన దగ్గర వేపచెట్ల కొమ్మలు లైన్ల మీదికే ఉంటాయి.

ఇంకొక్క మాట. 2020 నవంబరులో నివర్ తుఫాను వానల తరువాత ఒక ఊరిలో ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైనులో కరెంటు తీసేశాం, పని చేసుకోవచ్చన్న అనుమతి) తీసుకుని పనికి దిగాం. స్విచ్ తీసి ఉంది, ఫ్యూజులు తీసి ఉన్నాయి. అలవాటు చొప్పున డిశ్చార్జ్ రాడ్ (తీగలో మిగిలిన కరెంటును భూమిలోకి దించే కడ్డీ) తీగకు తాకించాను. చిటపటమని నీలం రవ్వలు రాలాయి. వీధి చివర ఒక ఇంట్లో జనరేటర్ పెట్టి వైరును నేరుగా గోడ ప్లగ్గులో గుచ్చారు. ఆ కరెంటు మీటరు దాటి వెనక్కి లైనులోకి వచ్చింది. అది ట్రాన్స్‌ఫార్మర్ దాకా పోతే అవతలి వైపు 11,000 వోల్టులవుతుంది. రాడ్ మరిచిపోయి ఉంటే ఈ రోజు ఇక్కడ రాసేవాడిని కాదు. జనరేటర్ ఉన్నవాళ్లు చేంజ్ ఓవర్ స్విచ్ (లైను కరెంటు, జనరేటర్ కరెంటు కలవకుండా ఏదో ఒకటే ఇంటికి ఇచ్చే స్విచ్) లేకుండా దాన్ని ఇంటి వైరింగుకు కలపకండి. చేతులెత్తి వేడుకుంటున్నాను.

బుగ్గవంక ఒడ్డు, 6.05

సార్, మీ ప్రాణం కంటే మా ఇంటి వెలుతురు ఎక్కువని నేను అనడం లేదు. తీయవద్దన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. చెప్పకుండా తీయడం మాత్రం తప్పే. ఏ ఫీడరుకు (సబ్‌స్టేషన్ నుంచి మన వీధులకు కరెంటు తెచ్చే లైనుకు) ఏ గంటకు తీస్తారో సబ్‌స్టేషన్‌లో ఉన్నవాళ్లకు తెలియదా? తెలిసిన విషయం జనానికి చెప్పడానికి ఖర్చేముంది?

పాత లైన్‌మన్, 6.12

ఏ గంటకు తీస్తామో ముందే చెప్పడం కష్టం. గాలిని బట్టి తీస్తారు. ఫలానా వేగం దాటితే తీస్తామని మాత్రం చెప్పవచ్చు. అది చెప్పకపోవడం మా వాళ్ల తప్పే. ఒప్పుకుంటాను.

అరటితోట (లింగాల), 6.40

మీరంతా తీయడం గురించే మాట్లాడుతున్నారు. మాకు తీయడం సమస్య కాదు, తిరిగి ఇవ్వడమే సమస్య. ముందు ఆసుపత్రులు, తరువాత నీటి పథకాలు, ఆ తరువాత పట్టణాలు. ఆ వరుస సరైనదే, కాదనను. వరుస చివర ఉన్న పల్లెకు ఎవరు ఎప్పుడు వస్తారో అడిగే దిక్కుండదు. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు మా బావమరిది నందలూరు దగ్గర ఉన్నాడు. పులపత్తూరు, మందపల్లి కొట్టుకుపోయిన సంగతి అతనికి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఫోన్లలో చార్జింగ్ లేదు, సిగ్నల్ లేదు. కరెంటు పోయిందంటే కబురు పోయినట్టే. కోతకు వచ్చిన గెలలు ఎలాగూ గాలికి పడతాయి, ఆ ఆశ వదులుకున్నాను. వంకలో నీళ్లు వస్తున్నాయని చెప్పే ఫోను మాత్రం బతికి ఉండాలి. ముందే తీసేటట్లయితే ఊరికొక చోట, బడిలోనో సచివాలయంలోనో, ఫోన్లు చార్జింగ్ పెట్టుకోవడానికి సౌకర్యం కల్పించాలి. లేదంటే నేను వ్యతిరేకమే.

హంద్రీ పక్క టీచరమ్మ (కర్నూలు), 7.15

2009 అక్టోబరు 2న నేను కర్నూలులోనే ఉన్నాను. తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి ఊరి మీదికి వచ్చిన రోజు. నీళ్లు మెట్టు తరువాత మెట్టు ఎక్కుతుంటే మేము మేడ మీద నిలబడి చూశాం. కింద గోడకున్న మీటరు బోర్డు మునగడం కళ్లారా చూశాను. అప్పటికే సరఫరా లేదు కాబట్టి నీళ్లలోకి దిగి పక్కింటి ముసలమ్మను పైకి తెచ్చుకోగలిగాం. కరెంటు ఉంటే ఎవరు దిగేవారు? అందుకే నేను ముందే తీయాలనే అంటాను.

అసలు కటకట తరువాత మొదలైంది. చుట్టూ నీళ్లే, తాగడానికి గుక్కెడు లేవు. చీకటికి రెండు రోజుల్లో అలవాటు పడ్డాం, దాహానికి పడలేదు. కడపకూ పెన్నా ఒడ్డు బావుల నుంచి మోటార్లతోనే నీళ్లు వస్తాయి కదా. కరెంటు లేకపోతే కుళాయి లేదు. ఈ రాత్రే డ్రమ్ములు, బిందెలు, చివరికి ప్రెషర్ కుక్కర్లు కూడా నింపుకోండి.

మా అత్తగారికి ఇన్సులిన్. వాడుతున్న సీసాను ఫ్రిజ్ లేకపోయినా చల్లని చోట నాలుగు వారాల వరకు ఉంచవచ్చని డాక్టరు చెప్పారు. కొత్త మట్టికుండ అడుగున తడి ఇసుక పోసి, చిన్న గిన్నెలో సీసా పెట్టి, తడిగుడ్డ కప్పుతాను. ఐసుకు నేరుగా తగలకూడదు. గడ్డకడితే ఇక ఆ మందు పారేయాల్సిందే.

మూడో అంతస్తు (కడప), 7.22

మా అపార్టుమెంటులో గాలి మొదలవగానే లిఫ్టు ఆపేయాలని తీర్మానించాం. ఇద్దరు పెద్దవాళ్లకు కోపం వచ్చింది. మధ్యలో ఇరుక్కోవడం కంటే మెట్లు నయం కదా.

వార్డు నర్సు, 7.50

బుగ్గవంక ఒడ్డు అన్నా, ఇన్వర్టర్‌ను నమ్ముకోకండి. నాన్నగారికి నిమిషానికి ఎన్ని లీటర్లు పెట్టమన్నారు? రెండే అయితే బి టైపు సిలిండర్‌లో సుమారు 1,500 లీటర్లు ఉంటుంది కాబట్టి పన్నెండు గంటలు వస్తుంది. పెద్దది, డి టైపు, 7,000 లీటర్లు. రెండు రోజులకు పైనే. రెగ్యులేటర్, తడి సీసా (ఆక్సిజన్‌కు తేమ ఇచ్చే నీళ్ల సీసా) సరిచూసుకుని ఈ రాత్రే ఒకసారి బిగించి చూడండి. చీకట్లో మొదటిసారి బిగించడం చాలా కష్టం. సిలిండర్ ఉన్న గదిలో దీపం, కొవ్వొత్తి, అగరుబత్తి ఏదీ వెలిగించవద్దు. టార్చి మాత్రమే. నాలుగు లీటర్లకు మించి అవసరమైతే మాత్రం రేపు పొద్దున్నే ఆసుపత్రిలో చేర్చండి. వాగులు పొంగాక అంబులెన్సు రావడం కష్టం.

బుగ్గవంక ఒడ్డు, 9.40

రెండే లీటర్లు అక్కా. రిమ్స్ రోడ్డులో ఒక దుకాణంలో పెద్ద సిలిండర్ దొరికింది. ఇద్దరం కలిసి దించుకున్నాం. బిగించి చూశాం. మొదటిసారి వాషరు సరిగా కూర్చోక బుస్సుమంది, రెండోసారి కుదిరింది. నాన్న పది నిమిషాలు దాని మీదే ఉన్నారు.

వచ్చే దారిలో సెక్షన్ ఆఫీసుకు వెళ్లి మా ఫీడరు ఎప్పుడు తీస్తారని అడిగాను. చెప్పలేమన్నారు. ఇంట్లో ఆక్సిజన్ పెట్టుకున్న రోగి ఉన్నారని తెల్లకాగితం మీద రాసి, సర్వీసు నంబరు వేసి ఇచ్చాను. తీసుకుని, తీసేముందు ఫోన్ చేస్తామన్నారు. నోటి మాటే. మీ మీ ఇళ్లలో ఇలాంటివాళ్లు ఉంటే ఈ రాత్రే వెళ్లి రాసివ్వండి. పది కాగితాలు పడితే పట్టించుకుంటారు.

అరటితోట అన్నా, మా సచివాలయంలో ఇన్వర్టర్ ఉంది. చార్జింగ్ సంగతి రేపు ఉదయం ఏడింటికి అక్కడికే వెళ్లి అడుగుతాను. ఏమన్నారో ఇక్కడే రాస్తాను.