డైక్లోఫెనాక్ ఇచ్చిన ఎలుకల్లో ఎంజైములు పెరిగితే అది కాలేయం దెబ్బేనా?

ప్రశ్న (జంతుశాస్త్ర పరిశోధక విద్యార్థిని, తిరుపతి):
పెద్దలకు నమస్కారం. జంతు నైతిక సంఘం అనుమతితో మా ప్రయోగశాలలో తెల్ల ఎలుకలకు నోటి ద్వారా డైక్లోఫెనాక్ అనే నొప్పి, వాపు తగ్గించే మందును ఇచ్చి, నేల ఉసిరి సారం వాటి కాలేయాన్ని ఏ మేరకు కాపాడుతుందో పరిశీలిస్తున్నాము. మందు మాత్రమే ఇచ్చిన గుంపులో, కాలేయం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైములు ఏఎల్‌టీ, ఏఎస్‌టీ రెండూ పెరిగాయి. అయితే ఆ ఎలుకలు మేత తగ్గించాయి, పెంటికలు నల్లబడ్డాయి. మందు నేరుగా కాలేయ కణాలను దెబ్బతీసిందని సిద్ధాంత గ్రంథంలో రాయవచ్చునా?

జవాబు (ఔషధశాస్త్ర అధ్యాపకుడు, తిరుపతి):
ఇప్పుడే అలా రాయకండమ్మా. పెంటికలు నల్లబడ్డాయంటే ముందు పేగుల్లో రక్తస్రావాన్ని అనుమానించాలి. డైక్లోఫెనాక్ కాలేయంలో గ్లూకురోనిక్ ఆమ్లంతో జతకట్టి గ్లూకురోనైడ్‌గా మారి పైత్యరసంతో పేగులోకి దిగుతుంది. అక్కడి బాక్టీరియా ఆ బంధాన్ని తెంచడంతో మందు మళ్ళీ రక్తంలో కలిసి కాలేయానికి చేరుతుంది. ఎలుకల్లో ఈ చక్రం బలంగా సాగడం వల్లనే చిన్నపేగులో పుండ్లు పడతాయి. పుండుపడిన గోడను దాటిన బాక్టీరియా విషాలు పేగుల రక్తాన్ని కాలేయానికి చేర్చే పోర్టల్ సిర వెంట నేరుగా కాలేయానికే వెళతాయి కనుక, మీరు చూసిన పెరుగుదలలో కొంత పేగు నుంచి వచ్చినదై ఉండవచ్చు. నేరుగా తగిలే దెబ్బ లేదని కాదు: ఈ మందు నుంచి పుట్టే క్వినోన్ ఇమైన్‌లనే చురుకైన రసాయనాలు, కణాన్ని కాపాడే గ్లూటాథయోన్‌ను హరిస్తాయి, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాకూ హాని జరుగుతుంది. రెండింటినీ విడదీయడానికి పేగును పొడవునా చీల్చి పుండ్లను కొలవండి, కాలేయ కణజాలాన్ని సూక్ష్మదర్శినిలో చూడండి. ఏఎస్‌టీ కండరాల్లోనూ ఎర్రరక్తకణాల్లోనూ ఉంటుంది కాబట్టి, రక్తకణాలు చిట్లిన నమూనాలను లెక్కలోకి తీసుకోకండి.

మోతాదు ఎంతో మీరు చెప్పలేదు. 60 కిలోల మనిషికి రోజుకు 150 మిల్లీగ్రాములు ఇస్తారనుకుంటే, శరీర ఉపరితలం లెక్కన ఎలుకకు కిలోకు సుమారు 15 మిల్లీగ్రాములు అవుతుంది. అంతకు ఎన్నో రెట్లు ఇచ్చి చూసిన హానిని మనుషుల్లో అరుదుగా, కొందరికే వచ్చే కాలేయ వ్యాధితో పోల్చడం కుదరదు.

జవాబు (పశువైద్యుడు, చిత్తూరు):
మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్, యూరియా కూడా రక్తంలో చూడండి. మన దేశంలో పశువులకు డైక్లోఫెనాక్‌ను 2006లో ఆపించినది కాలేయం వల్ల కాదు. మందు పడిన పశువుల కళేబరాలను తిన్న రాబందులు మూత్రపిండాలు పాడై చనిపోవడం వల్ల. ఒకే మందు ఒక్కో జీవిలో ఒక్కో అవయవం మీద పడుతుంది.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు సార్. పేగులను ఫార్మలిన్‌లో భద్రపరిచాము కనుక పుండ్లను చూడగలము. మోతాదు కిలోకు 50 మిల్లీగ్రాములు. నేల ఉసిరి ఇచ్చిన గుంపులో ఎంజైములు తగ్గాయి.

జవాబు (ఔషధశాస్త్ర అధ్యాపకుడు, తిరుపతి):
ఆ గుంపులో పేగు పుండ్లు కూడా తగ్గి ఉంటే, నేల ఉసిరి కాపాడినది కాలేయాన్నా పేగునా అన్నది తేలదు. పైగా మోతాదు చాలా ఎక్కువ. అనుమతి ఇచ్చే సంఘం ఒప్పుకుంటే తక్కువ మోతాదు గుంపు ఒకటి చేర్చండి. నేల ఉసిరి మాత్రమే ఇచ్చిన గుంపు ఉందా?