షాట్‌గన్ చోక్ బిగుసుకుపోయింది, ఎలా తీయాలి?

డాలస్ కుర్రాడు:
అందరికీ నమస్కారం. నాది 12 బోర్ ఓవర్-అండర్, అంటే ఒక బ్యారెల్ మీద ఇంకో బ్యారెల్ ఉండే షాట్‌గన్. వీకెండ్స్‌లో స్పోర్టింగ్ క్లేస్ (విసిరిన మట్టి బిళ్లల్ని కాల్చే ఆట) ఆడతాను. చోక్ అంటే ఛర్రా (చిన్న గుళ్లు) ఎంత విచ్చుకోవాలో సరిచేయడానికి బ్యారెల్ మూతిలో మరలతో బిగించే గొట్టం. పై బ్యారెల్‌లో మాడిఫైడ్ రకం చోక్, కింద ఇంప్రూవ్డ్ సిలిండర్ రకం పెట్టి, సీజనంతా విప్పకుండానే కాల్చాను. ఇప్పుడు మార్చుదామంటే రెండూ కదలట్లేదు. గన్‌తో ఇచ్చిన రేకు రెంచ్ వంగేలా ఉంది. ప్లయర్‌తో పట్టి తిప్పేయమంటున్నాడు ఒక ఫ్రెండ్. తిప్పొచ్చా? ఇకమీదట ఏ ఆయిల్ రాయాలి?

సైనిక్‌పురి అంకుల్:
ప్లయర్ జోలికి వెళ్లకు బాబూ. చోక్ గోడ పల్చగా ఉంటుంది. నొక్కు పడిందంటే ఆ చోక్ పనికిరాదు, లోపలి మరలు కూడా పాడవుతాయి.

ముందు కార్ట్రిడ్జ్‌లు పెట్టే ఛాంబర్లు రెండూ తెరిచి ఖాళీగా ఉన్నాయో లేదో కళ్లతో చూసుకో. తర్వాత బ్యారెల్స్ విడదీసేయ్. పొడవాటి గ్లాసులో పెనెట్రేటింగ్ ఆయిల్ (బిగుసుకున్న మరల్లోకి దిగే పల్చటి నూనె) పోసి, చోక్ పొడవంతా మునిగేలా బ్యారెల్ మూతిని అందులో రాత్రంతా నిలబెట్టు. పొద్దున తుడిచి, నీ చోక్ గాడులకు సరిగ్గా కూర్చునే టీ-హ్యాండిల్ రెంచ్ పెట్టి తిప్పు. ఒక్కసారిగా బలం పెట్టకు. కొంచెం బిగించు, కొంచెం వదులు చెయ్. అప్పుడే పట్టు విడుస్తుంది. రాకపోతే హెయిర్ డ్రయర్‌తో మూతి వేడి చేసి మళ్లీ ప్రయత్నించు. బ్లో టార్చ్ మాత్రం వద్దు. ఓవర్-అండర్‌లో బ్యారెల్స్‌నీ, వాటి మీదుండే పట్టీ, అదే రిబ్‌నీ చాలావరకు సోల్డర్‌తోనే అతికిస్తారు, ఆ వేడికి అతుకు ఊడుతుంది.

నెల్లూరు పెద్దన్న:
ఇంత హంగామా ఎందుకండీ? నేను మామూలు గన్ ఆయిల్ రెండు చుక్కలు వేస్తాను, ఎప్పుడూ ఇబ్బంది రాలేదు.

సైనిక్‌పురి అంకుల్:
మీరు ప్రతిసారీ విప్పి తుడుస్తారేమో, అందుకే రాలేదు. పల్చటి ఆయిల్ వేడికి, ఒత్తిడికి నిలవదు. మరలు పొడిబారతాయి. మందు మసి, కార్ట్రిడ్జ్‌లో మందుకీ ఛర్రాకీ మధ్య ఉండే ప్లాస్టిక్ వాడ్ కరిగి అంటిన పూత, చెమ్మకు పట్టిన తుప్పు, అన్నీ కలిసి చోక్‌ని పట్టేస్తాయి. అక్కడ గ్రీజు ఉండాలి. చోక్ ట్యూబ్ లూబ్ అనే పేరుతోనే అమ్ముతారు. లేదంటే ఆటో పార్ట్స్ షాపులో దొరికే కాపర్ లేదా నికెల్ యాంటీ-సీజ్ పేస్ట్ (మరలు పట్టేయకుండా రాసేది) సరిపోతుంది. మరల మీద పల్చగా, అంతే. ఎక్కువైతే బయటికి కారి మసిని, ఇసుకని పట్టుకుంటుంది.

గుంటూరు మనవడు:
మా తాతగారు లైసెన్స్ గన్‌కి కొబ్బరి నూనె రాసేవారు. అది పనికిరాదా అంకుల్?

సైనిక్‌పురి అంకుల్:
ఆయన గన్‌కి బహుశా బ్యారెల్‌లోనే భాగంగా ఉండే ఫిక్స్‌డ్ చోక్ ఉండి ఉంటుంది, విప్పే మరలే ఉండవు. కొబ్బరి నూనె 24 డిగ్రీల కంటే చల్లబడితే గడ్డకడుతుంది, నిలవ ఉంటే జిగురవుతుంది. మరల్లో వద్దు.

డాలస్ కుర్రాడు:
థాంక్స్ అంకుల్. క్లీనింగ్ ఎన్నాళ్లకోసారి చేయాలి? బిగింపు ఎంతుండాలి?

సైనిక్‌పురి అంకుల్:
కాల్చిన రోజే విప్పెయ్. సాల్వెంట్‌లో కాసేపు నానబెట్టి, నైలాన్ లేదా ఇత్తడి బ్రష్‌తో లోపలా, మరల మీదా రుద్ది, పొడి గుడ్డతో తుడువు. బ్యారెల్ లోపలి మరల్ని మరిచిపోతారు చాలామంది. పాత గ్రీజు పూర్తిగా తీశాకే కొత్తది రాయాలి.

బిగింపంటావా, చేత్తో తిప్పితే చివరిదాకా సాఫీగా వెళ్లాలి, తర్వాత రెంచ్‌తో కొద్దిగా. మధ్యలో ఆగితే మరల్లో మురికి ఉన్నట్టు, లేదా అది వేరే రకం చోక్ అయినట్టు. బెరెట్టా కంపెనీ మోబిల్‌చోక్ మరలు బ్రౌనింగ్ కంపెనీ ఇన్వెక్టర్ ప్లస్‌కి సరిపోవు, బలవంతంగా ఎక్కించకు.

రౌండ్‌కీ రౌండ్‌కీ మధ్య గన్ ఖాళీ చేసి, చోక్ వదులైందేమో వేలితో చూసుకో. ఎక్కువ బిగించడం కన్నా చోక్ వదులవడమే పెద్ద ప్రమాదం. వదులైన చోక్ అంచుకు ఛర్రా, వాడ్ తగిలితే బ్యారెల్ మూతి ఉబ్బిపోవచ్చు. చోక్ లేకుండా అసలు కాల్చకూడదు.

డాలస్ కుర్రాడు:
అప్‌డేట్. కింది బ్యారెల్‌ది వచ్చేసింది, మరల నిండా నల్లటి మడ్డి. పైది ససేమిరా అంటోంది. శనివారం గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసేవాడు) దగ్గరికి తీసుకెళ్తున్నా.

సైనిక్‌పురి అంకుల్:
మంచిది. తీశాక బ్యారెల్ మరలు కూడా చూసి చెప్పమను. అవి దెబ్బతిని ఉంటే కొత్త చోక్ కొనే ముందు వాటి సంగతి తేల్చుకో. కింది చోక్ అంచు మీద గీతలుంటే లెక్కపెట్టి చూడు, అది ఏ రకం చోకో తెలుస్తుంది. చాలా యూరప్ గన్లలో ఒకటి ఫుల్, మూడు మాడిఫైడ్, నాలుగు ఇంప్రూవ్డ్ సిలిండర్.