కళ్లజోడు పెట్టుకునేవాళ్లకి క్లోజ్డ్ బ్యాక్ హెడ్‌ఫోన్: షాపులో అరగంటలో ఏం పరీక్షించాలి?

గొంతుపని:
అందరికీ నమస్తే. ఇంట్లోనే ఆడియో పుస్తకాలు చదువుతాను, ఎడిటింగూ నేనే. రోజుకు మూడు నాలుగు గంటలు హెడ్‌ఫోన్ తల మీదే ఉంటుంది. ఎదురుగా మైకు ఉంటుంది కాబట్టి ఓపెన్ బ్యాక్ (కప్పు వెనక తెరిచి ఉండేది, శబ్దం బయటికి పోతుంది) కుదరదు. సోనీ ఎండీఆర్ 7506, ఆడియో టెక్నికా ఎం50ఎక్స్, బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో 80 ఓమ్‌లది (ఓమ్ అంటే కరెంటుకి ఎదురయ్యే అడ్డు కొలత), ఈ మూడింటి దగ్గర ఆగాను. కళ్లజోడు లేకుండా స్క్రిప్టు కనిపించదు. షాపువాళ్లు అరగంట పెట్టుకుని చూడమన్నారు. ఏం వినాలి, ఏం చూడాలి? రివ్యూలు చదివితే ఇంకా అయోమయం. ఒకే మోడల్‌కి ఒకరు బేస్ ఎక్కువంటారు, ఇంకొకరు అసలు బేసే లేదంటారు.

మిక్సింగ్ బల్ల:
ఆ ఇద్దరూ నిజమే చెబుతున్నారండీ. క్లోజ్డ్ బ్యాక్‌లో బేస్ డ్రైవరు (కప్పులో మోగే చిన్న స్పీకరు) ఒక్కదాని చేతిలో లేదు. చెవి చుట్టూ కుషను సందు లేకుండా కూర్చుంటేనే కింది స్వరాలు నిలబడతాయి. కళ్లజోడు కాడ పక్కన వెంట్రుకంత సందు మిగిలినా 100 హెర్ట్జ్ (సెకనుకి నూరు కంపనలు) కింద బేస్ జారిపోతుంది. అందుకే సౌకర్యం ఒక పరీక్ష, సౌండ్ ఇంకో పరీక్ష అని విడదీయకండి. ముందు కూర్చోబెట్టడం, తర్వాతే వినడం.

ఫోన్లో టోన్ జనరేటర్ యాప్ వేసుకుని వెళ్లండి. 40 హెర్ట్జ్ సైన్ టోన్ తక్కువ వాల్యూంలో పెట్టి, రెండు కప్పుల్నీ అరచేతులతో మెల్లగా తల వైపు నొక్కండి. మోత మారకపోతే కుషను సరిగ్గా కూర్చున్నట్టు. నొక్కగానే ఒక్కసారిగా పొంగితే గాలి పోతున్నట్టు. కళ్లజోడుతో ఒకసారి, తీసేసి ఒకసారి చెయ్యండి. రెండింటికీ తేడా పెద్దగా ఉంటే ఆ మోడల్ మీ ముఖానికి కాదు. ఎవరెంత పొగిడినా సరే.

మీ పనికి ఇంకోటి కూడా ఉంది. ఆ టోన్ మోగుతుండగానే నోరు బాగా తెరిచి ‘ఆ’ అనే ఆకారం పెట్టండి, గొంతు ఎత్తకుండా. దవడ కీలు సరిగ్గా కుషను కింది ముందు అంచు దగ్గర కదులుతుంది. అక్కడ సందు పడితే చదువుతున్నంతసేపూ బేస్ వస్తూ పోతూ ఉంటుంది, పైగా హెడ్‌ఫోన్లో మోగేది ఆ సందులోంచే మైకులోకి కారుతుంది. పాటలు వినేవాళ్లకి ఈ తిప్పలు తెలియవు, చదివేవాళ్లకీ పాడేవాళ్లకీ తప్పవు.

సోల్డరు పొగ:
పైన చెప్పినదానికి తోడు, కప్పు లోపల లోతు చూడండి. చెవి డొప్ప లోపలి గుడ్డకి తగులుతుంటే మొదటి పది నిమిషాల్లో తెలియదు, గంటకి మంట పుడుతుంది. 7506 కుషన్లు పలచన, కాస్త పెద్ద చెవులకి తగులుతాయి. డీటీ 770కి గుండ్రటి వెలూరు కుషను, లోతు ఎక్కువ. ఆ మెత్తని గుడ్డ కళ్లజోడు కాడ చుట్టూ ఒదుగుతుంది కాబట్టి జోడు ఉన్నవాళ్లలో చాలామంది దానికే ఓటేస్తారు. ఎం50ఎక్స్ బిగువు ఎక్కువ, కాడ చెవి పైభాగంలో ఒత్తుకునేది అక్కడే.

బరువు చూసి మోసపోకండి. కేబుల్ కాకుండా 7506 సుమారు 230 గ్రాములు, డీటీ 770 దాదాపు 270, ఎం50ఎక్స్ 285. ఈ యాభై గ్రాముల తేడా కన్నా నడినెత్తిన బ్యాండు ఎంత వెడల్పులో ఆనుతుందో ముఖ్యం. అరగంట ఉంది కదా, ముప్పై నిమిషాల్నీ మూడు మోడళ్లకి పది పదిగా పంచకండి. మొదటి ఐదు నిమిషాల్లో మూడింటికీ 40 హెర్ట్జ్ పరీక్ష చేసి ఒకదాన్ని పక్కన పెట్టెయ్యండి. మిగతా సమయమంతా గెలిచినదానికీ దాని తర్వాతిదానికీ ఇవ్వండి, అది కూడా తలాడిస్తూ, కిందికి స్క్రిప్టు చూస్తున్నట్టు వంచి.

గొంతుపని:
కూర్చోవడం అర్థమైంది. మరి సౌండ్? షాపులో వాళ్ల ఫోన్లో ఏదో సినిమా పాట వేస్తారు, మూడూ బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది.

మిక్సింగ్ బల్ల:
వాళ్ల పాట వద్దు. మీ సొంత గొంతు తీసుకెళ్లండి. ఏ ప్రాసెసింగూ చెయ్యని 24 బిట్ వేవ్ ఫైలు, రెండు నిమిషాలు, మోనో. అందులో మూడు రకాల చోట్లు ఉండేలా కత్తిరించండి.

ఒకటి, స, శ, ష, చ దట్టంగా ఉన్న వాక్యం. వీటిలో ‘స’ బలం చాలావరకు 5 నుంచి 9 కిలోహెర్ట్జ్ మధ్య ఉంటుంది. డీటీ 770కి 8, 9 కిలోహెర్ట్జ్ ప్రాంతంలో ఒక ఎత్తు ఉంది, అక్కడ మీ ‘స’ సూదిలా గుచ్చుకుంటుంది. దాని మీద నమ్మకం పెట్టి డీ ఎస్సర్ (‘స’ పదును తగ్గించే సాధనం) ఎక్కువ లాగితే, కారులో వినేవాళ్లకి మీరు నాలుక మందంగా చదివినట్టు వినిపిస్తారు. 7506 కూడా పైన పదునైనదే. ఆ పదునే నోటి చప్పుళ్లనీ, ఎడిట్ అతుకుల దగ్గర టిక్కుమనే చప్పుడునీ పట్టిస్తుంది. 1991 నుంచి ప్రసార, డబ్బింగ్ గదుల్లో అది వదలకుండా ఉన్నది అందం కోసం కాదు, తప్పులు చూపిస్తుందని.

రెండు, ప, బ, భ గట్టిగా పలికిన చోటు. మైకుకి గాలి తగిలిన ‘ధబ్’ 100 హెర్ట్జ్ కిందే ఉంటుంది. సందు ఉన్న హెడ్‌ఫోన్లో అది వినపడదు, మీరు వదిలేస్తారు, పెద్ద స్పీకరున్నవాళ్లకి కడుపులో తగులుతుంది.

మూడు, మాటల మధ్య నిశ్శబ్దం. పది సెకన్లు చాలు. ఫ్యాను గాలి, కరెంటు హమ్ము, పక్కింటి మిక్సీ ఏది ఎంత విడిగా వినిపిస్తుందో చూడండి. మన దగ్గర హమ్ము 50 హెర్ట్జ్, దాని రెట్టింపు 100. ఏ హెడ్‌ఫోన్లో ఆ రెండూ తేటగా పట్టుబడతాయో దానికి మార్కులు ఎక్కువ వెయ్యండి.

పోల్చేటప్పుడు వాల్యూం సమానంగా ఉండాలి. ఒక్క డెసిబెల్ ఎక్కువ మోగినదే మనకి బాగున్నట్టు అనిపిస్తుంది, ఇది చెవి స్వభావం. అదే నాబ్ దగ్గర 7506, డీటీ 770 కన్నా గట్టిగా మోగుతుంది. మీ గొంతు రెండింటిలోనూ ఒకే దూరం నుంచి మాట్లాడినట్టు అనిపించేదాకా నాబ్ సరిచేసి, అప్పుడు పోల్చండి.

శ్రుతిబాక్స్:
నాది పాడేవాళ్ల కోణం. మోనో పింక్ నాయిస్ (రెండు చెవులకీ ఒకేలా వచ్చే, వానహోరు లాంటి శబ్దం) వేస్తే నుదుటి మధ్యలో చిన్న ముద్దలా వినిపించాలి. ఒక పక్కకి లాగితే వెంటనే లోపం అనేయకండి. కుడి కప్పు ఎడమ చెవికి వచ్చేలా తిప్పి పెట్టుకోండి. లాగుడు కూడా అటు మారితే తేడా హెడ్‌ఫోన్‌లోనో, దానికి సౌండ్ ఇచ్చే పెట్టెలోనో ఉంది. మారకుండా అదే చెవి వైపు ఉంటే తేడా మీ చెవిలోనో, ఆ పక్క కుషను కూర్చోవడంలోనో. చవక ఇంటర్‌ఫేసుల్లో (మైకునీ హెడ్‌ఫోన్‌నీ కంప్యూటర్‌కి కలిపే పెట్టెలు) హెడ్‌ఫోన్ నాబ్ బాగా కింద ఉన్నప్పుడు ఎడమ కుడి సమానంగా రాదు, కాబట్టి కనీసం పావు వంతు పైకి తిప్పి చూడండి.

తర్వాత 60 నుంచి 300 హెర్ట్జ్ దాకా నెమ్మదిగా స్వీప్ (కింది నుంచి పైకి జారే టోన్) వెయ్యండి. మధ్యలో ఏదో ఒక్క స్వరం దగ్గర బుసబుసా ఉబ్బితే, ఆ కప్పు దాని సొంత స్వరం కలుపుతోందన్నమాట. మృదంగం ఎడమ వైపు గుంకీ జారుతూ పైకెక్కే చోట ఇది వెంటనే దొరికిపోతుంది: జారుడు వినపడాల్సింది పోయి ఒకే ‘బుమ్’ వినిపిస్తుంది. మగ గొంతుకి ఇది మరీ ముఖ్యం. మాట అడుగు స్వరం 100, 150 హెర్ట్జ్ చుట్టుపక్కలే కాబట్టి లేని బరువు ఉన్నట్టు భ్రమపడి ఈక్యూలో (ఏ స్వరాలు పెంచాలో తగ్గించాలో సర్దే సాధనం) కోసేస్తారు.

సోల్డరు పొగ:
20 నుంచి 100 హెర్ట్జ్ స్వీప్‌లో ‘జర్’మని మోగితే డ్రైవరు పోయిందని షాపువాడితో గొడవ పడకముందు కుషను విప్పి చూడండి. డయాఫ్రం (డ్రైవరులో అదిరే పలచటి పొర) మీద ఒక్క తలవెంట్రుక పడినా ఆ చప్పుడే వస్తుంది. లోపలి పలచటి స్పాంజి పైకెత్తి, సన్నటి పట్టుకారుతో తీస్తే పోతుంది. డయాఫ్రంని వేలితో ముట్టొద్దు, ఊదొద్దు.

గొంతుపని:
80 ఓమ్‌లకి విడిగా ఆంప్ (సౌండ్ బలం పెంచే పెట్టె) కావాలంటున్నారు. నాది రెండు ఇన్‌పుట్ల మామూలు ఇంటర్‌ఫేసు. అలాగే బిగువు ఎక్కువైతే బ్యాండు సాగదీయొచ్చా?

మిక్సింగ్ బల్ల:
లెక్క వేసుకుంటే భయం పోతుంది. డీటీ 770 ఒక మిల్లీవాట్‌కి 96 డెసిబెల్ ఇస్తుంది. 80 ఓమ్‌లలో ఒక మిల్లీవాట్ అంటే 0.28 వోల్టులు. మీ పెట్టె ఒక్క వోల్టు ఇచ్చినా దాదాపు 107 డెసిబెల్. మీరు వినేది సగటున 70, 75 దగ్గర, గట్టి అక్షరాలకి దాని మీద ఇంకో 15, 20. ఇంకా మిగులుంది. అదే 250 ఓమ్‌లదైతే ఒక వోల్టుకి 102 దగ్గర ఆగుతుంది, సరిపోతుంది గానీ నాబ్ ఇంకా పైకి తిప్పాలి. మీకు 80 చాలు. పెట్టె హెడ్‌ఫోన్ అవుట్ ఇంపిడెన్స్ (ఓమ్‌లలో కొలిచే ఆ అడ్డు) మాత్రం హెడ్‌ఫోన్‌దాంట్లో ఎనిమిదో వంతు దాటకుండా చూసుకోండి, 80కి 10 ఓమ్‌లు.

గంటల తరబడి పని కాబట్టి ఇదీ చెబుతాను: ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు వారానికి 40 గంటలు, 80 డెసిబెల్. మూడు డెసిబెల్ పెంచిన ప్రతిసారీ ఆ సమయం సగమవుతుంది. బయట శబ్దం మింగేస్తోందని వాల్యూం పెంచేకన్నా ఫ్యాను ఆపడం నయం.

సోల్డరు పొగ:
సాగదీయొచ్చు, కానీ రిటర్న్ గడువు దాటాకే. లోపల స్టీలు పట్టీ ఉన్నవే సాగుతాయి, ఈ మూడింటికీ ఉంది. తల వెడల్పు కన్నా ఒకటి రెండు సెంటీమీటర్లు ఎక్కువగా పుస్తకాల దొంతి పేర్చి, కప్పుల మధ్య పెట్టి రాత్రంతా వదిలెయ్యండి. పొద్దున 40 హెర్ట్జ్ పరీక్ష మళ్లీ చెయ్యండి. చేత్తో విరిచి లాగితే కప్పు పట్టుకునే ప్లాస్టిక్ చేతులు పగులుతాయి. అతి చేశారో, హాయిగానే ఉంటుంది, బేస్ పోతుంది, మళ్లీ బిగించడం అంత తేలిక కాదు.

కుషన్ల సంగతి. మన కోస్తా ఉక్కకి తోలులా కనిపించే పాలీయురెథేన్ పొర తేమకి విడిపోయి నల్లటి పొట్టులా మెడ మీద రాలుతుంది. 7506తో ఈ బాధ ఎక్కువ. వాడాక పొడిగుడ్డతో తుడవండి, స్పిరిట్ వద్దు. మార్చేటప్పుడు కంపెనీ కుషనే వెయ్యండి. మెత్తగా ఉందని బయటి దళసరి కుషను వేస్తే చెవికీ డ్రైవరుకీ దూరం మారి, మీరు అలవాటు పడిన సౌండే మారుతుంది. 7506కి వెలూరు వేసినవాళ్లు బేస్ పోయిందని వస్తారు, ఆ గుడ్డలోంచి గాలి పోతుంది కాబట్టి. వెలూరుకీ చెమట పడుతుంది, అయితే విప్పి చల్లటి నీళ్లలో ఉతికి నీడన ఆరబెట్టుకోవచ్చు.

ఎం50ఎక్స్‌కి కేబుల్ ఊడుతుంది, మూడు కేబుళ్లు పెట్టెలోనే వస్తాయి. 7506, డీటీ 770 ప్రో 80 రెండిటికీ ఊడదు, తెగితే సోల్డరింగే. 2024లో వచ్చిన డీటీ 770 ప్రో ఎక్స్‌కి ఊడే కేబుల్ ఉంది, 48 ఓమ్‌లు. దొరికితే దాన్నీ తల మీద పెట్టి చూడండి.

శ్రుతిబాక్స్:
ఒక చెవి మీది కప్పు తీసి పాడే అలవాటున్నట్టు, అలా తీసి చదివే అలవాటు కూడా చాలామందికి ఉంటుంది. రెండూ మూస్తే సొంత గొంతు బానలో మాట్లాడినట్టు మోగుతుంది కాబట్టి. తీసిన కప్పు గాల్లో వేలాడితే అందులోది మొత్తం మైకులోకి పోతుంది. దాన్ని చెవి వెనక ఎముక మీదకి ఒత్తి పెట్టండి, లేదా సాఫ్ట్‌వేర్లో ఆ పక్క మ్యూట్ చెయ్యండి.

గొంతుపని:
చివరిగా ఒకటి. డీటీ 770 నా ముఖానికి కూర్చుని, ‘స’ మాత్రం గుచ్చుకుంటే ఈక్యూతో సరిచేసుకోవచ్చా?

మిక్సింగ్ బల్ల:
చేసుకోవచ్చు. 6 నుంచి 10 కిలోహెర్ట్జ్ మధ్య టోన్‌ని మెల్లగా జరిపి, మీ చెవికి ఎక్కడ అరుస్తుందో అక్కడ క్యూ (కోత ఎంత వెడల్పో చెప్పే అంకె) 3 పెట్టి 3, 4 డెసిబెల్ తగ్గించండి. ఆ చోటు మనిషి మనిషికీ మారుతుంది, అందుకే నెట్‌లో దొరికే రెడీమేడ్ అంకెలు గుడ్డిగా వెయ్యకండి. ఈ ఈక్యూ మాస్టర్ ట్రాక్ మీద మాత్రం పెట్టొద్దు, అది ఎక్స్‌పోర్ట్‌లోకి ఎక్కి అధ్యాయం మొత్తం మొద్దుబారుతుంది. సాఫ్ట్‌వేర్లో మానిటర్ చానల్ విడిగా ఉంటే అక్కడ, లేకపోతే కంప్యూటర్ సిస్టం స్థాయిలో నడిచే ఈక్యూలో పెట్టండి. అదీ ఏఎస్ఐఓ డ్రైవరు (సౌండ్‌ని నేరుగా ఇంటర్‌ఫేసుకి పంపే సాఫ్ట్‌వేర్) వాడుతుంటే పనిచెయ్యదు, సౌండ్ దాన్ని దాటేసి పోతుంది. అప్పుడు మానిటర్ చానలే దారి.