ఓపీ చీటీలో రాసిన మందులన్నీ అందరికీ ఉచితంగా ఇవ్వడం సాధ్యమేనా?

ప్రశ్న (గృహిణి, మల్కాజిగిరి):
మా అమ్మగారికి బీపీ, షుగర్ ఉన్నాయి. ప్రభుత్వాసుపత్రిలో చూపిస్తే డాక్టరు ఫీజు లేదు, రక్తపరీక్షకూ డబ్బు అడగరు. కానీ మందుల కౌంటర్ దగ్గరకు వెళ్లేసరికి చీటీలో నాలుగు మందులుంటే రెండు ఇచ్చి, మిగతావి బయట కొనుక్కోమంటారు. నెలాఖరున చేతిలో డబ్బు తక్కువగా ఉంటే పది రోజులకు సరిపడానే కొంటాం. షాపతను షీటు కత్తిరించి ఇస్తే గడువు తేదీ ఉన్న ముక్క అతని దగ్గరే ఉండిపోతుంది. ఆరోగ్యశ్రీ పరిమితిని మన తెలంగాణలో 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు, సంతోషమే. అయితే అది ప్రధానంగా ఆసుపత్రిలో చేరినవారి కోసం ఉన్న పథకం. గుండె ఆపరేషన్‌కు లక్షలు మంజూరు చేసే ప్రభుత్వం, ఆ ఆపరేషన్ అవసరమే రాకుండా కాపాడే రోజువారీ మాత్రను కూడా పూర్తిగా ఇవ్వలేదా? ఇస్తే తెల్లకార్డు ఉన్నవారికే ఇవ్వాలా, అందరికీనా?

జవాబు 1 (విశ్రాంత ఫార్మసిస్టు, సికింద్రాబాద్):
అమ్మా, మీరు అడిగినది సాధ్యమే. మన దక్షిణాది రాష్ట్రమే ఒకటి ఆ దారి చూపించింది. తమిళనాడు 1994లో మందుల కొనుగోలుకు ప్రత్యేక సంస్థను ఏర్పాటు చేసింది. రాష్ట్రమంతటికీ కలిపి టెండరు పిలిచి, బ్రాండు పేరుతో కాక మందు అసలు (జనరిక్) పేరుతో కొని, జిల్లాల్లోని గోదాముల్లో నిల్వ చేస్తారు. ప్రతి ఆసుపత్రికీ ఒక పాస్‌బుక్ ఉంటుంది. తనకు కేటాయించిన మొత్తం మేరకు ఏ మందు ఎంత కావాలో ఆసుపత్రే నిర్ణయించుకుని తెచ్చుకుంటుంది. దీనివల్ల ఎవరికీ అక్కర్లేని మందు గుట్టలుగా పడి ఉండటం, కావలసినది కనబడకపోవడం చాలావరకు తగ్గుతాయి. ఈ నమూనానే తీసుకుని రాజస్థాన్ 2011 అక్టోబరు 2న, ప్రభుత్వాసుపత్రికి వచ్చే ప్రతి రోగికీ, ఆదాయంతో సంబంధం లేకుండా, అవసరమైన మందులు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది.

మన దగ్గరా కొనుగోలు సంస్థ ఉంది, బస్తీల్లో చిన్న ప్రభుత్వ క్లినిక్‌లైన బస్తీ దవాఖానాలున్నాయి. కౌంటర్‌లో పనిచేసినవాడిగా నాకు తెలిసిన బాధ ఒక్కటే: ఉచితమని బోర్డు పెట్టి, మందు లేదని చెప్పి రోగిని వెనక్కి పంపడం. నిల్వ సంగతి చూడకుండా ఎన్ని పథకాలు ప్రకటించినా మీ అమ్మగారి చీటీలో ఆ రెండు మందులూ మిగిలే ఉంటాయి.

జవాబు 2 (బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో కొన్నేళ్లు నర్సుగా పనిచేసి తిరిగి వచ్చినవారు, కూకట్‌పల్లి):
అందరికా, కొందరికా అన్నదానికి బ్రిటన్ అనుభవం పనికొస్తుంది. అక్కడి ప్రభుత్వ వైద్యవ్యవస్థ 1948లో మొదలైంది. మందుల చీటీకి రుసుము 1952లో వచ్చింది, 1965లో తీసేశారు, 1968లో మళ్లీ పెట్టారు. తర్వాత వేల్స్ 2007లో, ఉత్తర ఐర్లాండ్ 2010లో, స్కాట్లాండ్ 2011లో పూర్తిగా రద్దు చేశాయి. ఇంగ్లండ్ మాత్రం రద్దు చేయలేదు; అక్కడ 2024లో ఒక్కో మందుకు రుసుము 9.90 పౌండ్లు.

ఇంగ్లండ్‌లో పిల్లలకు, 60 దాటినవారికి, గర్భిణులకు మినహాయింపు ఉంది. దానితోపాటు కొన్ని జబ్బుల జాబితా కూడా ఉంది. 1968 నాటి ఆ జాబితాలో మాత్రలు వాడే షుగర్ రోగులున్నారు, ఆస్తమా రోగులు లేరు. క్యాన్సర్ రోగులను చేర్చడానికి 2009 దాకా పట్టింది. ఊపిరాడక ఇన్‌హేలర్ వాడే మనిషి డబ్బు కట్టాలి, పక్కనే థైరాయిడ్ మాత్ర వేసుకునే వ్యక్తికి అన్ని మందులూ ఉచితం! ఇందులో న్యాయం ఎక్కడుందో నాకు ఎన్నడూ అర్థం కాలేదు. ఎవరు అర్హులో తేల్చేందుకు గీసే ప్రతి గీతకు అవతలా అవసరమున్న మనిషి మిగిలిపోతాడు. అందుకే అందరికీ ఇవ్వాలనే నేనంటాను.

జవాబు 3 (పెన్షనరు, దిల్‌సుఖ్‌నగర్):
నాకు రెండు సందేహాలు. నాలాగా కొనుక్కోగలిగినవారికి కూడా ఇస్తే ఆ డబ్బు పేదలకు తగ్గదా? టెండరులో అతి తక్కువ ధరకు కొన్న మందు నాణ్యంగా ఉంటుందా? పేదవాడికి ఉచితంగా నాసిరకం మందు ఇవ్వడం కన్నా అన్యాయం లేదు.

జవాబు 1 వారి సమాధానం:
సార్, నాణ్యత గురించి మీ భయం న్యాయమైనదే. తమిళనాడులో ప్రతి బ్యాచ్ నుంచీ నమూనా తీసి, తయారీదారు పేరు కనబడకుండా ప్రయోగశాలకు పంపుతారు. అది నెగ్గాకే ఆసుపత్రులకు పంచుతారు. మన దగ్గరా పరీక్ష అంత కచ్చితంగా, ఫలితం అందరికీ కనబడేలా ఉండాలి. ఇక డబ్బు సంగతి. 2011లో డాక్టర్ శ్రీనాథ్ రెడ్డి గారి అధ్యక్షతన కేంద్ర ప్రణాళికా సంఘం వేసిన నిపుణుల బృందం, మందుల కొనుగోలుపై ప్రభుత్వ ఖర్చును దేశ స్థూల ఉత్పత్తిలో 0.1 శాతం నుంచి 0.5 శాతానికి పెంచమంది. మోయలేని భారం కాదిది. పైగా మీలాంటివారు కూడా అదే క్యూలో నిలబడితే, మందు లేదన్నప్పుడు గట్టిగా అడిగే గొంతులు పెరుగుతాయి.

అమ్మా, మీరు ఇప్పటికి చేయగలిగినది ఒకటుంది. దగ్గరలోని బస్తీ దవాఖానాలో అమ్మగారి పేరును బీపీ, షుగర్ రోగుల రిజిస్టరులో రాయించండి. ఎంతమంది రోగులున్నారో రిజిస్టరులో కనబడితేనే ఇండెంటులో, అంటే కావలసిన మందుల కోసం దవాఖానా పంపే జాబితాలో, అందరికీ సరిపడా మాత్రలు అడగగలుగుతారు. ఇవ్వని మందుల పేర్లను చీటీ మీదే "లేదు" అని రాసి ఇమ్మనండి. సూపరింటెండెంటుకు ఫిర్యాదు చేయాలంటే ఆ చీటీయే ఆధారం.