పెరటి గుడ్లకు ఏ కోడి మంచిది? పది పెట్టలు పెంచాలనుకుంటున్నాం

కందుకూరు కోడలు
అందరికీ నమస్కారం. మా ఇంటి వెనుక నాలుగు సెంట్ల ఖాళీ, రెండు వేపచెట్లు ఉన్నాయి. తినేవాళ్లం ఐదుగురం. కోసుకోవడానికి కాదు, గుడ్ల కోసమే పది పెట్టలు పెంచాలని ఉంది. అత్తయ్యగారు నాటుకోళ్లే అంటున్నారు. మావారు ఫోనులో ఏదో చూసి కడక్‌నాథ్ అనే నల్లకోడి అంటున్నారు. పెంచినవాళ్లు చెప్పండి. పుంజు లేకుండా పెట్ట గుడ్డు పెడుతుందా అన్నది కూడా మా ఇంట్లో తేలని తగువు.

పొదిలి మెట్ట రైతు
ముందు తగువు తీర్చేద్దాం. పుంజు లేకపోయినా పెట్ట గుడ్లు పెడుతుంది, అవి పిల్లలు కావు, అంతే.

గుడ్లే కావాలంటే గ్రామప్రియ తీసుకోండమ్మా. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన రకం. పెరట్లో తిరిగితే ఏడాదికి 160 నుంచి 180 గుడ్లు అంటారు. మా ఎనిమిది పెట్టలు మొదటి ఏడాది రోజుకు మూడో నాలుగో పెట్టాయి. వనరాజా కూడా ఆ సంస్థదే, కానీ మాంసానికీ గుడ్డుకూ కలిపి చేసినది, పెరట్లో 100, 110 గుడ్లకు మించి ఆశించవద్దు. పైగా తిండిపోతు. మా నాన్న ముద్దుగా దోసెడు దోసెడు సజ్జలు చల్లేవారు. అవి కొవ్వెక్కి గుడ్లు మానేశాయి. చివరికి కూరకే పనికొచ్చాయి.

తెల్ల లెగ్‌హార్న్ 280 కూడా దాటుతుంది. అయితే దానికి కొన్న దాణా తప్పదు, పచ్చటి పెరట్లో ఆ తెలుపు గద్దకు ఆమడ దూరం నుంచే కనిపిస్తుంది.

విడవలూరు తీరం
అన్న చెప్పినది నిజమే, కానీ అత్తయ్యగారి మాట తీసిపారేయకండి. గ్రామప్రియ పొదగదు. పొదిగే నాటుపెట్ట ఒక్కటైనా ఉంటేనే పెరడు సాగుతుంది.

మా కాకిరంగు పెట్ట ఇరవై రోజులుగా గుడ్ల మీద కూర్చుని ఉంది. ఒక్కరోజు వయసున్న గ్రామప్రియ పిల్లలు పది కొని తెచ్చాను. రాత్రి దీపం ఆర్పి, కింద ఉన్న గుడ్లు ఒక్కొక్కటీ తీస్తూ ఆ చోట ఒక్కొక్క పిల్లను తోశాను. రెండుసార్లు చెయ్యి పొడిచింది, మూడోసారి గుర్రుమని రెక్క సర్దుకుంది. తెల్లవారి గంప ఎత్తితే పదింటినీ వెంటేసుకుని నూకలు గీరి చూపిస్తోంది. పిల్లల వెచ్చదనానికి బల్బు పెట్టే బాధ తప్పింది. వారం తర్వాత గద్ద వాలబోతే ఈకలు నిక్కబొడుచుకుని మూరెడెత్తు ఎగిరింది.

మేత గురించి ఒక మాట. మాకు రొయ్యల తలకాయలు ఊరికే దొరుకుతాయి. ఎక్కువ వేస్తే గుడ్డు నీచు కొడుతుంది, మా పిల్లలు పళ్లెం పక్కకు నెట్టారు. ఆల్చిప్పలు మాత్రం దంచి పెడతాను, గుడ్డు పెంకు గట్టిపడుతుంది.

పొదలకూరు
2024 ఫిబ్రవరిలో మా దగ్గర చాటగుట్లలోనూ, కోవూరు వైపు గుమ్మళ్లదిబ్బలోనూ బర్డ్ ఫ్లూ బయటపడినప్పుడు భయపడి కోళ్లను నెలరోజులు వల లోపలే ఉంచాను. అప్పుడు తెలిసింది ఏది ఎలాంటిదో. పందెం జాతి పెట్టలు రెండూ ఒకదాని తల ఒకటి పొడుచుకుని రక్తాలు కార్చుకున్నాయి. గ్రామప్రియ మాత్రం మూల కూర్చుని గుడ్డు పెట్టుకుంటూ పోయింది. చోటు తక్కువైతే ఇది కూడా లెక్కలోకి తీసుకోండి.

ఇంకొకటి. మోపెడ్ మీద బుట్టతో వచ్చిన ఒకతని దగ్గర గ్రామప్రియ అనుకుని ఇరవై పిల్లలు కొన్నాను. నాలుగో నెలలో పద్నాలుగు కూత మొదలుపెట్టాయి! వీధిలో ఎవరికీ గడియారం అవసరం లేకపోయింది.

ఉదయగిరి పశువైద్య సహాయకుడు
రకం ఏదైనా కొక్కెర తెగులు వస్తే గంప ఖాళీ అవుతుంది. మొదటి వారంలో లాసోటా టీకా చుక్క కంట్లో, నాలుగో వారంలో మళ్లీ, ఎనిమిదో వారంలో రెక్క కింద ఆర్‌టూబీ టీకా సూది. సీసా విప్పితే వందకు పైగా కోళ్లకు వస్తుంది, కలిపిన గంట రెండు గంటల్లో వాడేయాలి. అందుకే వీధిలో నాలుగిళ్లవాళ్లు ఒకే రోజు వేయించుకోండి. టీకాను మంచు ముక్కల్లో తేవాలి. చొక్కా జేబులో వేసుకుని ఎండలో తెచ్చినవాళ్లను చాలామందిని చూశాను.

కడక్‌నాథ్ మధ్యప్రదేశ్ ఝాబువా కోడి. ఏడాదికి వంద గుడ్లు పెడితే గొప్ప. మాంసం నలుపే గాని గుడ్డు లేత గోధుమ రంగులోనే ఉంటుంది.

కందుకూరు కోడలు
అందరికీ కృతజ్ఞతలు. ఏడు గ్రామప్రియ, రెండు నాటుపెట్టలు అని తేల్చాం. పొదుగుకు కూర్చునే పెట్టను అత్తయ్యగారే వాళ్ల ఊరి నుంచి తెస్తామన్నారు. పదోది మావారి పేరున కడక్‌నాథ్. నల్ల గుడ్డు రాదని ఆయనకు ఇంకా చెప్పలేదు.